ముడి తీసేసిన ఆదివారం

మూడు యాప్‌లూ మొదట అడిగింది ఒకటే ప్రశ్న: మీ లక్ష్యం ఏమిటి? కింద నాలుగు గడులు. వేగం పెంచుకోవడం, బరువు తగ్గడం, పోటీకి తయారవడం, సరదాగా తొక్కడం. కాసేపు ఊరికే ఉండడం అన్న గడి ఏ యాప్‌లోనూ లేదు.

మెరిన్ కారు షెడ్డులో నిలబడి, ట్యాబ్లెట్ చేతిలో పట్టుకుని ఆ నాలుగు గడులనూ చూస్తూ ఉండిపోయింది. మంగళవారం సాయంత్రం ఐదున్నర. బయట అప్పటికే చీకటి. భూమికి ఈ దక్షిణ సగంలో జూన్ అంటే చలికాలం, లాన్‌సెస్టన్ లోయంతా కట్టెల పొయ్యిల పొగ పరుచుకుంటుంది. తలుపు కింది సందులోంచి ఆ వాసన లోపలికి వస్తోంది. పొద్దున ఆరున్నరకు ఇల్లు వదిలి, రక్తపరీక్షల కేంద్రంలో నలభై ఇద్దరి చేతుల్లో నరాలు వెతికి, తిరిగి వచ్చాక సోఫా వైపు చూడకుండా నేరుగా షెడ్డులోకి వచ్చింది. సోఫాలో కూర్చుంటే మళ్ళీ లేవదని ఆమెకు తెలుసు.

ఎదురుగా సైకిలు, వెనక చక్రం తీసేసి ట్రైనర్‌కు బిగించి ఉంది. ట్రైనరంటే ఇనప కాళ్ళ మీద నిలబడ్డ బరువైన పెట్టె. తెర మీద కొండ వస్తే తనంతట తానే బిగుసుకుంటుంది, పల్లం వస్తే వదులవుతుంది, తొక్కేవాళ్ళు ఎంత బలం పెడుతున్నారో వాట్లలో చెబుతుంది. సొంత బుర్ర లేదు. యాప్ ఏం చెబితే అది చేస్తుంది. కాబట్టి యాప్ ఏదన్నదే ప్రశ్న. శనివారం పొద్దుటికల్లా మెరిన్ దానికి జవాబు చెప్పాలి. తన ఒక్కదానికి కాదు, తొమ్మిదిమందికి.

ఆ తొమ్మిదిమందీ ఆదివారం గుంపు. ముప్ఫై ఆరేళ్ళ టాన్సీ నుంచి అరవై ఏడేళ్ళ ఎల్వీ దాకా అందరూ ఆడవాళ్ళే. ఆరేళ్ళుగా మెరిన్ వాళ్ళకు కెప్టెన్. ఎన్నింటికి బయల్దేరాలో, ఏ దారిన వెళ్ళాలో, ఎదురుగాలి ఉంటే ఎవరు ఎంతసేపు ముందుండాలో ఆమే చెబుతుంది. రెండేళ్ళ కిందటి చలికాలంలో వంతెన మీద కంటికి కనిపించని మంచుపొర మీద జారి ఇద్దరు పడ్డారు. ఒకరికి మణికట్టు విరిగింది, ఒకరికి భుజం ఎముక. అప్పుడే ఇక జూన్, జూలై, ఆగస్టుల్లో రోడ్డెక్కకూడదని అనుకున్నారు. నిరుడు ఎవరింట్లో వాళ్ళు, ఎవరికి నచ్చిన యాప్ వాళ్ళు పెట్టుకుని తొక్కారు. పన్నెండుమంది లోపలికి వెళితే సెప్టెంబరులో బయటికి వచ్చింది తొమ్మిదిమంది. మిగతా ముగ్గురూ ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు. మూడు నెలల్లో అడిగే అలవాటు తప్పిపోయింది. అందుకని ఈసారి అందరికీ ఒకే యాప్ అనుకున్నారు. "నువ్వు ఏదంటే అది, కెప్టెన్," అన్నారు.

మెరిన్‌కు ఒక చిక్కుంది. అది ఆమె భర్త లైల్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

మార్చిలో ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ వచ్చింది. మందులకు తగ్గింది. జ్వరం పోయింది, దగ్గు పోయింది, బలం మాత్రం తిరిగి రాలేదు. తను పనిచేసే కేంద్రంలోనే తన రక్తమూ ఇచ్చింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు. "టైం పడుతుంది," అంది డాక్టరు. ఎంత టైమో చెప్పలేదు. రోడ్డు మీద ఆ సంగతి దాచడం అనుకున్నంత కష్టం కాలేదు. కొండ మొదలయ్యేచోట, "మీరు పదండి, నేను ఎల్వీతో వస్తా," అనేది. ఎల్వీ అందరికంటే పెద్దది. వెనకబడితే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆమెకు తోడుగా మెరిన్ నిదానంగా ఎక్కేది. పైన ఎదురుచూస్తున్నవాళ్ళు, "కెప్టెనంటే ఇలా ఉండాలి," అనేవాళ్ళు. ఆ మాట వినపడ్డప్పుడల్లా మెరిన్ నీళ్ళసీసా తీసి నోటికి అడ్డం పెట్టుకునేది.

ఇప్పుడు రోడ్డు లేదు. తెర మీద ప్రతి పేరు పక్కనా ఒక అంకె ఉంటుంది. అంకెలు తోడు రావు.

బలం పోయిన కెప్టెన్‌ను ఎవరూ తీసెయ్యరు. జాలిపడతారు, అంతే. జాలి సంగతి ఆమెకు బాగా తెలుసు. సూదంటే భయపడేవాళ్ళకు రోజూ పంచిపెట్టేది అదే. ఆదివారం పొద్దున ఆ మూడు గంటలు తప్ప వారం మొత్తంలో ఎవరూ ఆమెను ముందుండమని అడగరు. ఆ మూడు గంటలూ పోతే ఇక పని, నిద్ర. ఎంచవలసింది తొమ్మిదిమందికి పనికొచ్చే యాప్‌ని. ఆమె వెతుకుతున్నది మాత్రం తనను దాచిపెట్టే యాప్‌ని.

సరదాగా తొక్కడం అన్న గడి నొక్కింది.

ఆ మొదటి యాప్‌లో దారులూ చెట్లూ ఏమీ లేవు. నల్లటి తెర మీద నీలం దిమ్మెలు, పొట్టివీ పొడుగువీ. దిమ్మె ఎంత ఎత్తుంటే అంత గట్టిగా తొక్కాలి. ముందుగా, గంటసేపు ఆగకుండా ఎన్ని వాట్లు తొక్కగలరని అడిగింది. తెలియకపోతే ఇరవై నిమిషాల పరీక్ష పెడతానంది. మెరిన్ పరీక్ష వద్దని, రెండువందల ఐదు అని కొట్టింది. అది పోయిన నవంబరు నాటి అంకె.

మొదటి దిమ్మె గడిచింది. రెండోది పళ్ళు బిగించి గడిపింది. మూడో దిమ్మె సగంలో కాళ్ళు నెమ్మదించాయి. ఆ యాప్‌తో వచ్చిన పేచీ అదే. కాళ్ళు నెమ్మదిస్తే వాట్లు తగ్గకుండా ట్రైనర్‌ను ఇంకా బిగిస్తుంది. అది బిగిసేకొద్దీ కాళ్ళు ఇంకా నెమ్మదిస్తాయి. చివరికి పెడల్ బురదలో దిగబడ్డట్టు నిలిచిపోయింది. మెరిన్ హ్యాండిల్ మీద వాలి పైకే మూలిగింది.

లోపలి తలుపు తెరుచుకుంది. లైల్ చేతిలో గరిటెతో నిలబడ్డాడు. వడ్రంగం పని నేర్పి రిటైరైనవాడు. దేన్ని చూసినా ఎక్కడ వదులైందో ముందు చూస్తాడు.

"ఏంటా చప్పుడు? కారు స్టార్టవట్లేదేమో అనుకున్నా."

"యాప్ బాగాలేదు."

"ఏం చేసిందేం?"

"గోడకేసి తోసింది."

"నువ్వేం అంకె ఇచ్చావ్?"

మెరిన్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ తువ్వాలు తియ్యకుండా ఉండిపోయింది.

"పాతదే ఇచ్చావ్ కదూ? మెర్, ఆరో క్లాసునాటి బూట్లు ఇప్పుడు తొడుక్కుని, కాళ్ళు నొస్తున్నాయని బూట్లు కుట్టినవాణ్ణి తిడితే ఎట్లా?"

"ఇంకా రెండున్నాయిలే."

"అవి రెండూ బాగాలేకపోతే తప్పు ఈ షెడ్డుదే. రేపే కూలగొట్టేస్తా. రా, గుమ్మడికాయ సూపు చల్లారిపోతోంది."

బుధవారం రెండో యాప్ పెట్టింది. అందులో అన్నీ నిజం రోడ్ల వీడియోలు. నువ్వు తొక్కితే రోడ్డు కదులుతుంది, ఆపితే ఆగుతుంది. ఎక్కడిదో సముద్రం ఒడ్డు దారి, ఎండ, దూరంగా తెల్లటి ఇళ్ళు. పక్కన మనిషి లేదు, ముందు మనిషి లేదు, ఎవరి అంకె ఎవరికీ కనపడదు. ముప్ఫై నిమిషాలు తనకు చేతనైనంత మెల్లగా తొక్కింది. మార్చి తర్వాత సైకిలు మీద ఆమె మనసు స్థిమితంగా ఉన్నది ఆ అరగంటే. ఇదే చెప్పేద్దాం అనుకుంది. కారణాలు కూడా తయారయ్యాయి: చూడ్డానికి బాగుంటుంది, ఎవరి తీరిక వాళ్ళది, పోటీ గొడవ లేదు. తుడుచుకుంటూ ఉండగా ఎల్వీ ఫోన్ చేసింది.

"అమ్మాయ్, నా ట్రైనర్ కనపడట్లేదంటోంది యాప్. ఎదురుగా కొండలా ఉంటే కనపడదేం దీనికి?"

"ఏ యాప్ పెట్టావ్?"

"టాన్సీ చెప్పింది. బొమ్మల దీవి ఉంటుందే, అది."

"ఫోన్‌లో ఇంకేదైనా యాప్ తెరిచుందా?"

"నువ్వు చూడమన్నావుగా, సినిమా లాంటిది. అది తెరిచే ఉంది."

"దాన్ని మూసెయ్. అది ట్రైనర్‌ని పట్టుకు కూర్చుంది. ట్రైనర్ ఒకేసారి ఇద్దరి మాట వినదు."

"మా కోళ్ళు ఒక్కరి మాటా వినవు. వాటికంటే నయం." ఫోన్‌లో ఏదో బీప్‌మంది. "ఆఁ, దొరికింది. సరేగానీ, ఆ సినిమా దాంట్లో మీరెవరూ కనపడరేం?"

"అందులో ఎవరికి వాళ్ళే."

"అట్లయితే నాకెందుకూ? ఒక్కదాన్నే ఉండడానికి నాకు ఇల్లుంది."

మెరిన్ తయారుచేసుకున్న మూడు కారణాల్లో ఒక్కటీ నోటిదాకా రాలేదు.

గురువారం సాయంత్రం మూడో యాప్‌ను ఐదుగురు కలిసి చూద్దామనుకున్నారు. టాన్సీ, ఎల్వీ, మెరిన్, ఇంకో ఇద్దరు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, అందరూ ఒకే కాల్‌లో. ఆ యాప్‌లో ఎవరి బొమ్మ వాళ్ళకుంటుంది. బొమ్మలన్నీ ఒక దీవి చుట్టూ తొక్కుతాయి. దీవి చుట్టూ ఒక చదును దారి ఉంది, మధ్యలో ఒక కొండ ఉంది. ఇంకో సదుపాయం కూడా ఉంది: ఒక మీట నొక్కితే ఎవరు ఎంత బలంగా తొక్కినా బొమ్మలన్నీ ఒకే గుంపుగా సాగుతాయి. గుంపులో దానికి ముడి అని పేరు పెట్టుకున్నారు.

"ముడి వద్దు బాబూ ఇవాళ," అంది టాన్సీ. ఆమె అగ్నిమాపక కేంద్రంలో పనిచేస్తుంది. మెట్లు ఎక్కడం ఆమెకు ఉద్యోగం. "అసలు కొండ ఎట్లా ఉంటుందో చూద్దాం. ముడి వేస్తే అందర్నీ ఒకే బుట్టలో పెట్టి మోసినట్టుంటుంది."

"మోసేది నువ్వేగా," అన్నారెవరో. నవ్వారు.

యాప్ బరువు అడిగింది. అది తెలియకపోతే కొండ మీద వేగం లెక్క కట్టలేదు. తేలికైనవాళ్ళు అవే వాట్లతో త్వరగా ఎక్కుతారు. మెరిన్ డెబ్బయి ఒక్క కిలోలు. వేలు ఏడు మీదికి వెళ్ళి ఆగింది. తర్వాత ఐదు నొక్కింది, ఆ పక్కన ఎనిమిది. యాభై ఎనిమిది కిలోలు. పెళ్ళినాడు కూడా ఆమె అంత తేలిగ్గా లేదు. ఎవరూ చూడలేదు. షెడ్డులో ఫ్యాను తిరుగుతోంది, అంతే. అయినా చెవులు వేడెక్కాయి.

కొండ మొదలైంది. టాన్సీ బొమ్మ మలుపు తిరిగి కనపడకుండా పోయింది. మెరిన్ తనకున్నదంతా పెట్టి తొక్కింది, నూట నలభై వాట్లు. ఆ అబద్ధపు పదమూడు కిలోలూ వెనక ఎవరో చెయ్యి వేసి తోస్తున్నట్టు పనిచేశాయి. ఆమె బొమ్మ ఎల్వీ బొమ్మను దాటింది.

"ఓయ్, కెప్టెన్!" చెవిలో ఎల్వీ గొంతు. "ముందుకు పోయావే!"

"ఊఁ," అంది మెరిన్. అంతకంటే మాటకు ఊపిరి లేదు.

"పో పో, ఆగకు! నేనూ వస్తున్నా చూడు!"

ఎల్వీ వచ్చింది. మెరిన్ వెనక ఐదు సెకన్లు, నాలుగు, మళ్ళీ ఐదు. ఎల్వీ రొప్పు వినపడుతోంది. రోడ్డు మీద ఎప్పుడూ వినని రొప్పు. కొండ మీద ఎల్వీ ఎప్పుడూ మాట్లాడుతూనే ఉండేది: కోళ్ళ గురించి, పక్కింటివాళ్ళ కుక్క గురించి, యాపిల్ తొక్కు పచ్చడి గురించి. ఇవాళ మాట లేదు, రొప్పే.

అయిపోయాక యాప్ పట్టిక చూపించింది. పేరు, వాట్లు, కిలోకు ఎన్ని వాట్లు. టాన్సీ పైన. మెరిన్ నాలుగోది, కిలోకు రెండు పాయింట్ నాలుగు. ఎల్వీ ఐదోది, రెండు పాయింట్ మూడు. మెరిన్ చెమట ఆరకముందే ఫోన్‌లో లెక్క చేసింది. నూట నలభైని డెబ్బయి ఒకటితో భాగిస్తే రెండు కూడా రాలేదు. మళ్ళీ చేసింది. అంతే వచ్చింది.

అబద్ధం బయటపడుతుందేమో అన్నది అప్పుడామెకు పట్టలేదు. ఇంకొకటి పట్టుకుంది. ఎల్వీ ఇంత బలంగా తొక్కగలిగితే, రోడ్డు మీద ఏ కొండయినా తనకంటే ఎంతో ముందు ఎక్కేస్తుంది. మరి మార్చి నుంచి ఒక్కసారీ ఎక్కలేదేం?

శుక్రవారం పని మూడున్నరకు ముగిసింది. ఇంటికి వెళ్ళకుండా ట్రెవలిన్ గుట్ట మీదున్న ఎల్వీ ఇంటికి వెళ్ళింది. మెట్లు పదహారు. పదో మెట్టు దగ్గర ఆగి, పూలకుండీలు చూస్తున్నట్టు నిలబడింది. ఎల్వీ పైనుంచి చూసి చేతులు చాచింది.

"రా రా! ఇవాళ పొద్దున్నుంచి నీ గురించే అనుకుంటున్నా. నిన్న నిన్ను ముందు చూసి నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చినంత పనయ్యింది తెలుసా? బాగయిపోయావే! నాలుగు నెలలు. ఇక ఈ పిల్ల పని ఇంతేనేమో అనుకున్నా."

మెరిన్ ఆ మాట విని గడపలోనే ఆగిపోయింది. "నీకు తెలుసా?"

"ఏం, నాకు చెవులు లేవా? ప్రతి కొండ మీదా నీ ఊపిరి నా పక్కనేగా." ఎల్వీ అప్పటికే కేకు కోస్తోంది. "కూర్చో, కూర్చో. టీ పెడతా."

"ఎల్వీ, నేను బాగవలేదు."

కత్తి ఆగింది.

"నిన్న బరువు తప్పు వేశా. యాభై ఎనిమిది అని."

ఎల్వీ ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. రక్తం ఇచ్చేవాళ్ళను మెరిన్ చూసినట్టే, ఎక్కడ గుచ్చితే దొరుకుతుందా అన్నట్టు. "యాభై ఎనిమిదా? నీ ఒక్క కాలే ఉంటుంది కదే అంత."

మెరిన్ నవ్వబోయి నవ్వలేకపోయింది. "నువ్వు మార్చి నుంచి నాకోసం మెల్లగా తొక్కుతున్నావ్. అవునా?"

ఎల్వీ కేకు ముక్కను పళ్ళెంలో పెట్టింది. దాని పక్కన ఫోర్కు పెట్టింది. ఫోర్కు తిన్నగా సర్దింది.

"మెల్లగా తొక్కడం తేలికనుకున్నావా? బ్రేకులు రెండుసార్లు మార్పించా. అంతసేపు మాట్లాడడానికి విషయాలెక్కడివి? ఆ కోళ్ళ కథలు సగం నేనే పుట్టించా."

"చెప్పొచ్చుగా నాకు."

"ఎట్లా చెప్పనూ? పైన వాళ్ళందరూ, ముసలిదానికి తోడుగా ఎంత ఓపిగ్గా వస్తోందో అని నిన్ను మెచ్చుకుంటుంటే?" గొంతు హాస్యంగానే మొదలై మధ్యలో గట్టిపడింది. "నాకు కోపం రాలేదని చెప్పను. ఏప్రిల్లో సిడ్లింగ్ కొండ ఎక్కాం కదా. ఏటా అది ఒక్కసారే. నా అరవయ్యో ఏట నేను ఎక్కిన టైం ఒకటుంది. ఇంకొక్కసారి దాని దగ్గరికి వెళ్ళగలనా అని ఎండాకాలమంతా తొక్కి తయారయ్యా. ఆ రోజు కాళ్ళు కూడా బావున్నాయి. రెండో మలుపులో నీ మొహం చూశా. ఆగిపోయా. వచ్చే ఏప్రిల్‌కి నాకు అరవై ఎనిమిది, మెరిన్. నా కాళ్ళు అప్పుడెట్లుంటాయో నాకేం తెలుసు?"

వంటింటి కిటికీలోంచి కోళ్ళు కనపడుతున్నాయి, చలికి ముడుచుకుని ఒకదాని పక్కన ఒకటి. మెరిన్ చాలాసేపు వాటివైపే చూసింది. క్షమించు అన్న మాట నోట్లో తయారైంది గాని, కేకు పళ్ళెం ముందు పెట్టుకుని అనడానికి అది మరీ చిన్నదిగా తోచింది. నాలుగు నెలలు తను దాచుకుంటున్నది తన అలసట ఒక్కటే అనుకుంది. ఎల్వీ కాళ్ళను కూడా దాచిపెట్టింది.

"ముడి వేసెయ్," అంది ఎల్వీ చివరికి, మామూలు గొంతుతో. "దీవి యాపే తీసుకో, ఆదివారాలు ముడి వేసి పెట్టు. అందరం కలిసే ఉంటాం. నువ్వు ఎంత తొక్కితే ఎవడిక్కావాలి? నేనెవరికీ చెప్పను."

"చెప్పవని తెలుసు," అంది మెరిన్. కేకు తిన్నది. అందులో ఏముందో నాలుకకు తెలియలేదు.

శనివారం పొద్దున నది ఒడ్డు కాఫీ షాపులో తొమ్మిదిమందీ రెండు బల్లలు కలిపి కూర్చున్నారు. అద్దాలకు ఆవిరి పట్టింది. గుడ్డు రొట్టెలు వచ్చాయి. టాన్సీ రెండు తెప్పించుకుంది.

"చెప్పు కెప్టెన్. దీవేనా?"

"దీవే," అంది మెరిన్. "బుధవారం సాయంత్రాలు చదును దారి, ముడి వేసి. మాట్లాడుకుంటూ తొక్కేవాళ్ళకి అది. ఆదివారం కొండ, ముడి ఉండదు. ఎవరి కాళ్ళు వాళ్ళవి. బరువులు నిజం వెయ్యాలి." గ్లాసు బల్ల మీద పెట్టింది. "గురువారం నేను పదమూడు కిలోలు తగ్గించి వేశా."

టాన్సీ రొట్టె కొరకబోయి ఆపింది.

"పదమూడా?" అంది టాన్సీ. "అబ్బ, ఎంత ధైర్యం! నేను భయపడి మూడే తగ్గించా."

బల్ల చుట్టూ నవ్వులు. ఇంకెవరో తానూ నాలుగు తగ్గించానని ఒప్పుకుంది. ఆ నవ్వులో ఆగిపోవచ్చు. అదీ ఒక దాక్కునే చోటే. మెరిన్ నవ్వులు తగ్గేదాకా ఆగింది.

"మార్చి నుంచి నాకు బలం లేదు. కొండల మీద ఎల్వీ కోసం నేను ఆగలేదు. నాకోసం ఆమె ఆగింది. ఎప్పటికి బాగవుతానో తెలియదు. ఆగస్టు దాకా ముందుండి నడిపేది నేను కాదు. టాన్సీ చేస్తే బావుంటుంది."

అయ్యో వద్దు, నువ్వే ఉండాలి అని ఎవరో ఒకరు వెంటనే అంటారని లోలోపల అనుకుంది. ఎవరూ అనలేదు. ఎల్వీ తన కాఫీ నురగను చెంచాతో పక్కకు నెడుతోంది. టాన్సీ నోట్లోది నమిలి మింగి, "సరే," అంది. "దారులు మాత్రం నువ్వే చెప్పాలి. నాకు దారులు గుర్తుండవు, తెలుసుగా. డ్యూటీలో కూడా పక్కవాడే చెబుతాడు."

"చెబుతా."

ఆ 'సరే' మెరిన్‌కు నొప్పిగానే తగిలింది. మరీ త్వరగా అనేసింది అనిపించింది. కాని ఇంటికి వస్తూ దారిలో రెండు సిగ్నళ్ళ దగ్గర, నీళ్ళసీసా అడ్డం పెట్టుకోవలసిన అవసరం ఇక లేదన్నది గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ఇరవై నిమిషాల పరీక్ష చేసింది. నూట ముప్ఫై నాలుగు. లైల్ తలుపు దగ్గర నిలబడి అంకె చూశాడు. తడిసిన తువ్వాలు తీసుకెళ్ళి పొయ్యి దగ్గర ఆరేశాడు.

ఆదివారం ఎనిమిదిన్నరకు తొమ్మిది బొమ్మలు దీవి కొండ కింద చేరాయి. డెబ్బయి ఒకటి కిలోల మెరిన్ బొమ్మ పెద్ద తేడాగా కనపడలేదు. కాళ్ళకింద ట్రైనర్‌కు మాత్రం తేడా తెలిసింది. మొదటి మలుపుకే అందరూ ముందుకు వెళ్ళిపోయారు. ఎల్వీ బొమ్మ ఒక్కటి పక్కనే ఉంది.

"మా ఎర్ర కోడి ఉంది చూడు..." మొదలుపెట్టింది ఎల్వీ.

"ఎల్వీ, వెళ్ళు."

"ఇంకొక్క నిమిషం ఉంటాలే."

"నువ్వు పక్కనుంటే నేను జవాబు చెప్పాలి. నాకు ఊపిరి లేదు. వెళ్ళు."

కోడి కథ ఆగిపోయింది. ఎల్వీ బొమ్మ సీటు మీంచి లేచింది. తెర మూలన, ఎల్వీ ఎంత ముందుందో చెప్పే అంకె మారడం మొదలైంది. ఆరు సెకన్లు. పదిహేను. నలభై. తర్వాత నిమిషాల్లోకి వెళ్ళింది. మెరిన్ ఆ అంకెను చూస్తూనే తొక్కింది. అది పెరిగిన కొద్దీ నొచ్చింది. చూడడం మానలేదు.

కొండ సగం దాటాక కాళ్ళు వణికాయి. ఇంకా పద్నాలుగు నిమిషాల దారి చూపిస్తోంది. ఇయర్‌ఫోన్లలో ఎనిమిదిమంది రొప్పులు, ఒకరి తిట్లు, ఒకరి ఇంట్లో పిల్లల గొడవ. పళ్ళు బిగించి ఈడ్చుకుపోవచ్చు. అట్లా ఈడ్చుకుపోయిన రోజుల తర్వాత సోమవారం, మంగళవారం మెట్లు ఎక్కలేకపోయింది.

"నాకు చేతకావట్లేదు," అంది పైకే. "ఆపేస్తున్నా. మీరు వెళ్ళండి."

తను గుంపులో ఆ మాట అనడం ఆరేళ్ళలో ఎవరూ వినలేదు.

"సరే కెప్టెన్," అంది టాన్సీ, రొప్పుల మధ్య. "వచ్చే ఆదివారం కూడా ఇదే కొండా, ఇంకోటా?"

"ఇదే."

పెడల్స్‌లోంచి బూట్లు విడిపించి, రబ్బరు చాప మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడింది. తెర మీద ఆమె బొమ్మ దారి పక్కన ఒక కాలు దించి ఆగిపోయింది. చెమట చల్లబడుతోంది. కాల్ మాత్రం కట్ చెయ్యలేదు.

"ఎల్వీ ఎక్కడుందీ?" అని అడిగింది కాసేపటికి.

"నా ముందు," అంది ఒక గొంతు. "ఇప్పుడే దాటిపోయింది. ఈవిడ ఏం తింటోందో ఎవరైనా కనుక్కోండర్రా."

"ఎల్వీ, ఎట్లా ఉంది?"

కాసేపు రొప్పే వినపడింది. తర్వాత తెగిపోయిన ఊపిరితో, కసిరినట్టు, "నన్నెవరూ పలకరించకండి," అంది ఎల్వీ. "పైకి ఇంకా నాలుగు నిమిషాలుంది."